పిక్కలు మాన్పించే ముందు

అలెర్జీ ప్యానెల్ అనే రక్తపరీక్ష ఇప్పుడు శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా అడిగితే దొరుకుతోంది. పిల్లల చేతి నుంచి కొద్దిగా రక్తం తీసి పెద్ద ఊళ్లోని ల్యాబుకు పంపిస్తారు. కొద్ది రోజులకి నాలుగైదు పేజీల కాగితం చేతికొస్తుంది. పాలు, గుడ్డు, గోధుమ, రొయ్య, వేరుశనగ, జీడిపప్పు అంటూ వరస, ఒక్కోదాని ఎదురుగా ఒక అంకె, కొన్ని అంకెల కింద ఎర్రగీత. ఆ ఎర్రగీతను బట్టి ఇంట్లో వంట మారిపోతోంది. పిల్లల కంచంలోంచి ఒక్కొక్కటీ మాయమవుతోంది. నన్ను కలవరపెడుతున్నది ఇదే.

నాకు తెలిసిన ఒక ఇంట్లో నాలుగేళ్ల పాపకు ఒళ్లంతా దురద. నెలల తరబడి తగ్గకపోయేసరికి పరీక్ష చేయించారు. వేరుశనగ (మా వైపు పిక్కలంటాం) దగ్గర ఎర్రగీత వచ్చింది, గుడ్డు దగ్గరా వచ్చింది. "పిక్కలు మాన్పించేసినామండి, గుడ్డు మాన్పించేసినాం. పప్పు మీద కూడా అనుమానమే అంటన్నారు. ఇంకేటి పెట్టమంటారు దానికి?" అని తల్లి అడిగింది. ఆ పాప అంతకుముందు ఉడకబెట్టిన కాయలు దోసిళ్లతో తినేది. ఇంట్లో అట్లు పోసిన రోజల్లా పిక్కల చట్నీ తినేది. తిన్నాక ఏనాడూ ఏమీ కాలేదు. తింటే ఏమవుతోంది అన్న ఆ ఒక్క మాట రక్తం తీయకముందు ఎవరూ అడగలేదు.

ఈ పరీక్ష కొలిచేది ఐజీఈ అనే ప్రతిరక్షకాన్ని. 1966-67 ప్రాంతంలో అమెరికాలోని డెన్వర్‌లో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లోని ఉప్సలాలో యోహాన్సన్, బెన్నిచ్ దీన్ని ఎవరికి వారుగా కనిపెట్టారు. 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పేరు ఖాయం చేసింది. వేరుశనగ ప్రోటీన్‌ను పట్టుకునే ఐజీఈ రక్తంలో ఎంత ఉందో ల్యాబు చెప్పగలదు. లీటరుకు 0.35 కిలోయూనిట్లు దాటితే పాజిటివ్ అని చాలాకాలంగా లెక్క. కానీ ఆ ఐజీఈ మన చర్మంలో, పేగుల్లో ఉండే మాస్ట్ కణాలను అంటిపెట్టుకుని, వేరుశనగ తగలగానే వాటి చేత హిస్టమిన్ అనే రసాయనాన్ని కక్కిస్తుందా లేదా అన్నది అంకెలో తేలదు. అంకె పెరిగేకొద్దీ నిజంగా అలెర్జీ ఉండే అవకాశం పెరుగుతుంది. వస్తే ఎంత తీవ్రంగా వస్తుందన్నది మాత్రం దాన్నిబట్టి చెప్పలేం. రక్తంలో ఐజీఈ ఉండటం ఒకటి, తింటే ఒళ్లు తిరగబడటం మరొకటి.

2001లో న్యూయార్క్ వైద్యుడు హ్యూ శాంప్సన్ ఒక కొలత చెప్పారు. వేరుశనగ ఐజీఈ 14 దాటిన పిల్లల్లో నూటికి 95 మందికి అలెర్జీ నిజమే అని. ఈ మాటను చాలామంది ఎత్తి చూపిస్తారు. అయితే ఆయన చూసిన పిల్లలు అలెర్జీ అనుమానంతో పెద్దాసుపత్రికి వచ్చినవాళ్లు. దారినపోయే పిల్లలందరికీ పరీక్ష చేసి అదే లెక్క వర్తింపజేస్తే తప్పుతుంది. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో పుట్టినప్పటి నుంచి గమనిస్తూ వచ్చిన పిల్లలను ఎనిమిదేళ్ల వయసులో పరీక్షించారు. వేరుశనగకు పాజిటివ్ అని తేలినవాళ్లకు డాక్టర్ల ఎదుటే వేరుశనగ తినిపించి చూశారు. 2010లో ఫలితం వెలువడింది. పాజిటివ్‌లలో నిజంగా అలెర్జీ ఉన్నది సుమారు 22 శాతం మందికే. మిగతా పిల్లలు పిక్కలు తిని హాయిగా ఆడుకోగలిగినవాళ్లే.

మన దగ్గర ఈ తేడా ఇంకా ఎక్కువ. బెంగళూరు, మైసూరు ప్రాంతాల్లో డాక్టర్ మహేశ్ బృందం యూరప్ శాస్త్రవేత్తలతో కలిసి పెద్దవాళ్లలో చేసిన అధ్యయనంలో 26.5 శాతం మంది రక్తంలో ఏదో ఒక ఆహారానికి ఐజీఈ కనిపించింది. ఆహార అలెర్జీ ఉండొచ్చని తేలినవాళ్లు 1.2 శాతమే. అదే పరంపరలో బడి పిల్లలను చూస్తే ఆహార అలెర్జీ 0.14 శాతం, అంటే వెయ్యి మందిలో ఒకరో ఇద్దరో. అదీ అన్ని ఆహారాలూ కలిపి. ఇలాంటి చోట దురదకో తుమ్ములకో ప్యానెల్ రాయడమంటే, అలెర్జీ లేని పిల్లల మీద ముద్ర వేయడానికి దారి తెరవడమే.

ఉత్తరాంధ్రకు మరో సంగతి కూడా ఉంది. ఐజీఈ శరీరంలో పుట్టేది పరాన్నజీవులను ఎదుర్కోవడానికి కూడా. పొలం గట్ల మీద చెప్పుల్లేకుండా తిరిగే పిల్లల కడుపులో నులిపురుగులుంటే మొత్తం ఐజీఈ పెరుగుతుంది. ఫైలేరియా క్రిమి వల్ల కూడా పెరుగుతుంది. శ్రీకాకుళం, విజయనగరం తరతరాలుగా ఫైలేరియాను మోసిన జిల్లాలు. ఆఫ్రికాలోని ఘనాలో బడిపిల్లలను పరీక్షిస్తే వేరుశనగ ఐజీఈ చాలామందిలో ఉంది. ఆ పిల్లలు మాత్రం వేరుశనగ తింటూనే ఉన్నారు, ఏమీ కావడం లేదు. షిస్టోసోమా అనే పరాన్నజీవి మీద ఉండే చక్కెర గొలుసులు, వేరుశనగలో ఉండే చక్కెర గొలుసులు ఒకే పోలికలో ఉండటంతో పురుగు కోసం తయారైన ఐజీఈ వేరుశనగను కూడా పట్టుకుంటోందని అక్కడి పరిశోధకులు తేల్చారు. మన పల్లెల పిల్లల రిపోర్టు చదివే డాక్టరు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి. నులిపురుగుల మాత్ర ఎప్పుడు మింగించారని తల్లిని ఒకసారి అడగాలి.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం మనుషులకు రక్తపరీక్ష అంకె అంటే ఏమిటో ఎవరూ నేర్పక్కర్లేదు. క్రియాటినిన్ ఎంతొచ్చింది అన్నది అక్కడ ఇంటింటి మాట. కిడ్నీ దెబ్బతింటే ఆ అంకె పెరుగుతుంది కాబట్టి దాన్ని చూసి భయపడటంలో అర్థముంది. అదే భయాన్ని అలెర్జీ కాగితం మీదకు తీసుకొస్తేనే చిక్కు. ఒంట్లో ఏ జబ్బూ లేకుండానే ఐజీఈ అంకె ఎక్కువ రావచ్చు.

ఇదంతా చదివి, అలెర్జీ అంతా వట్టిదేనని ఎవరైనా అనుకుంటే నా మాట తప్పుగా చేరినట్టే. ఆ వెయ్యిలో ఒకరి బిడ్డకు తిన్న తిండే ప్రాణం మీదకు తేవచ్చు. తిన్న నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లోపు దద్దుర్లు లేస్తాయి, పెదవులు కళ్లు వాస్తాయి, వాంతులవుతాయి, పిల్లికూతలు వస్తాయి, బిడ్డ సోలిపోతుంది. మళ్లీ తింటే మళ్లీ ఇలాంటిదే జరగొచ్చు. అప్పుడు మొదటి మందు అడ్రినలిన్, తొడ బయటివైపు కండలోకి, కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము చొప్పున. సిట్రజిన్ మాత్రకు దద్దుర్లు తగ్గొచ్చు గానీ ఊపిరి నిలబడదు. విదేశాల్లో జేబులో పెట్టుకునే పెన్ను లాంటి ఇంజక్షన్ మన మందుల షాపుల్లో దొరకడం కష్టం. అడ్రినలిన్ ఆంపూలు మాత్రం కొద్ది రూపాయలకే వస్తుంది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండాల్సిన మందు. 108కి ఫోన్ చేయడం, బిడ్డను నడిపించకుండా కాళ్లు ఎత్తుగా పెట్టి పడుకోబెట్టడం, ఊపిరాడకపోతే కూర్చోబెట్టడం ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

ఇలాంటి బిడ్డకు రక్తపరీక్ష నిజంగా పనికొస్తుంది. తిన్నాక ఏమైందో చెప్పగలిగిన చరిత్ర ఉంది కాబట్టి అంకెకు అర్థం వస్తుంది. వేరుశనగ మొత్తానికి కాకుండా అందులోని ఒక్కో ప్రోటీన్‌కూ విడివిడిగా ఐజీఈ కొలిచే పరీక్షలు కూడా వచ్చాయి. వాటిలో అరా హెచ్ 2 అనే ప్రోటీన్‌ది అసలైన సాక్ష్యం. దానికి పాజిటివ్ అయితే అలెర్జీ నిజమయ్యే అవకాశం ఎక్కువ. ఇంకా సందేహం మిగిలితే ఆసుపత్రిలో, డాక్టరు పక్కనుండగా, చిటికెడుతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా తినిపించి చూడటమే ఆఖరి తీర్పు. ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతి అదే. చాలాకాలం మాన్పించిన బిడ్డకు మళ్లీ మొదలుపెట్టేటప్పుడు కూడా ఇంట్లో సొంతంగా ప్రయత్నించకూడదు. ఎగ్జిమా అనే చర్మవ్యాధితో దురద పడే పిల్లలకు తింటున్నదాన్ని ఊరికే మాన్పిస్తే, అప్పటిదాకా ఓర్చుకున్న ఒళ్లు ఆ ఓర్పు పోగొట్టుకోవచ్చు. ల్యాబు కాగితం ఇలా లేని అలెర్జీని తెచ్చిపెట్టగలదన్నది నన్ను అన్నింటికన్నా భయపెట్టే విషయం.

పలాస-కాశీబుగ్గలో జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ల చేతుల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. తొక్కలోని జీడినూనె తగిలి చర్మం నల్లబడి పొరలు లేస్తుంది. ఆముదమో బూడిదో పూసుకుని పనిచేస్తారు. దాన్నీ అలెర్జీ అనే అంటారు గానీ అది ఐజీఈ తెచ్చేది కాదు, ఈ రక్తపరీక్షలో దొరకదు. జీడిపప్పు తిన్న పిల్లవాడికి వాంతులై పెదవులు వాస్తే అది పప్పులోని ప్రోటీన్ తెచ్చిన వేరే సంగతి, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఒలిచే తల్లి చేతికీ తినే బిడ్డ నోటికీ ఒకే పరీక్ష రాస్తే ఇద్దరికీ అన్యాయమే.

ఇక వేరుశనగ మన పిల్లలకు ఏమిటో మరచిపోకూడదు. 2020 నుంచి ప్రభుత్వ బడి భోజనంలో గుడ్డుతోపాటు వేరుశనగ చిక్కీ ఉంది.  మాంసం ఎప్పుడో గాని చూడని ఇంట్లో పిక్కలు, గుడ్డు మాన్పిస్తే ఆ బిడ్డకు మిగిలేది అన్నం, చారు. పైగా చిన్నప్పటి నుంచి తినిపించడమే మేలని లండన్‌లో గిడియన్ లాక్ బృందం నిరూపించింది. తీవ్రమైన ఎగ్జిమా లేదా గుడ్డు అలెర్జీ ఉన్న 640 మంది పసివాళ్లను తీసుకుని సగం మందికి వేరుశనగ పెట్టారు, సగం మందికి మాన్పించారు. 2015లో ప్రకటించిన ఫలితం ప్రకారం ఐదేళ్ల వయసుకు మాన్పించినవాళ్లలో 17.2 శాతం మందికి అలెర్జీ వచ్చింది, తిన్నవాళ్లలో 3.2 శాతానికే. మూడేళ్లదాకా పెట్టొద్దని 2000లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెప్పిన సలహా 2008కే వెనక్కి వెళ్లిపోయింది. పసివాళ్లకు గింజలుగా కాకుండా మెత్తగా నూరి జావలో కలిపి పెట్టాలి. గింజ ఊపిరిగొట్టంలోకి పోయే ప్రమాదం మన ఊళ్లలో అలెర్జీ కంటే ముందు వస్తుంది.

బడుల్లోకి వచ్చే ఆరోగ్య బృందాలు ఒక్క ప్రశ్న చేర్చుకుంటే బాగుంటుంది. ఏదైనా తిన్న రెండు గంటల్లో ఈ బిడ్డకు ఒళ్లు వాచిందా, ఊపిరి ఆడలేదా? అవును అన్నవాళ్లకే రక్తం తీయాలి. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాలల పిల్లల వార్డుల్లో నెలకొక రోజు తినిపించి చూసే పరీక్ష మొదలుపెట్టాలి. దానికి కావలసింది ఒక మంచం, ఆక్సిజన్, అడ్రినలిన్, తూకం వేసిన పిక్కల పొడి, కొన్ని గంటలు కదలకుండా కూర్చునే డాక్టరు. ఇప్పుడు దీనికోసం విశాఖకో హైదరాబాదుకో పొమ్మంటే, బస్సు ఛార్జీలూ కూలీ పోయిన రోజులూ లెక్కేసుకుని ఏ తల్లీ వెళ్లదు. కాగితం మీది ఎర్రగీతనే నమ్మి బిడ్డకు పిక్కలు మాన్పించేస్తుంది.