తుప్పు పట్టిన పికప్‌కు పైపూత చాలునా?



మన పల్లెల్లో అనేక కుటుంబములకు పాత పికప్ బండే జీవనాధారము. కూరగాయలు, పాల క్యాన్లు, ఎరువుల బస్తాలు, చేపలు అన్నీ దానిమీదనే వెళ్ళాలి. ఇంజను బాగానే ఉంటుంది గాని బాడీని తుప్పు తినివేస్తుంది. అమ్మివేయాలా, బాగుచేయించాలా అని తర్జనభర్జన పడుతున్న కుటుంబములను మేము తరచుగా చూస్తున్నాము. వారి కొరకే ఈ నెల ఈ నాలుగు మాటలు.

ఇనుముకు నీరు, గాలి కలిసి తగిలితే తుప్పు పుడుతుంది. ఉప్పు కలిస్తే మరింత త్వరగా వ్యాపిస్తుంది. అందుచేతనే సముద్రతీరములోను, భీమవరం, కైకలూరు వైపు చేపల, రొయ్యల చెరువుల మీదను తిరిగే బండ్లు ముందుగా పాడవుతాయి. ఐసు కరిగి కారిన చేపల నీరు, బస్తా చిరిగి ఒలికిన ఎరువు ట్రాలీ మూలల్లో నిలిచి రేకును తింటాయి. తుప్పు తాను తిన్న ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక రంగు పొక్కులుగా లేస్తుంది. పొక్కు కనబడిందంటే లోపల పని ఎప్పుడో మొదలైందన్నమాట.

మేమెరిగిన ఒక కుటుంబమువారు ఫిట్‌నెస్ పరీక్షకు ముందు, ఖర్చు తక్కువని తుప్పు మీదనే లప్పం పెట్టించి రంగు వేయించారు. వానాకాలము దాటకముందే లప్పం పెచ్చులుగా ఊడింది. మ్యాట్ ఎత్తి చూస్తే కాళ్ళ క్రింద రేకులో చేయి దూరేంత రంధ్రము! ఆ సీటులోనే వారి పిల్లలు రోజూ బడికి వెళ్ళేవారు. 8 ఏండ్లు దాటిన రవాణా బండికి ఏటేటా ఫిట్‌నెస్ తీసుకోవాలి గనుక, పైపూత ఖర్చు మళ్ళీ మళ్ళీ మీద పడేదే.

కాబట్టి మొదట ఛాసీ చూపించండి. ఛాసీ గాని, స్ప్రింగు పట్టీలు బిగించే చోటు గాని తినిపోయి ఉంటే బాడీకి కొత్త రేకులు వేయించడము డబ్బు దండుగ. ఛాసీ గట్టిగా ఉంటే ధైర్యముగా పని మొదలుపెట్టవచ్చు. తలుపుల అడుగులు, మ్యాట్ క్రింద, చక్రాల వెనుక, బ్యాటరీ క్రింద స్క్రూడ్రైవరు పిడితో తట్టి చూడండి. గట్టి రేకు ఖంగుమంటుంది, తినిపోయినది మొద్దుగా పలుకుతుంది.

బోల్టులతో బిగించే మడ్‌గార్డు విప్పి కొత్తది బిగించడము సులభము. ఫ్లోరు, క్యాబిన్ మూలలు మాత్రము కోసి వెల్డింగ్ చేయాలి. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల తయారు రేకులు దొరుకుతాయి. దొరకని మోడలుకు టింకరింగ్ మేస్త్రీ రేకు వంచి చేస్తాడు. మెరిసే గట్టి ఇనుము కనబడేవరకు పాత రేకు కోయించండి. కొత్త ముక్కను ముందుగా క్లాంపులతో నిలిపి, తలుపు మూసి, సందులు సమముగా ఉన్నవో లేవో చూచిన తరువాతనే అతికించాలి.

వెల్డింగుకు ముందు బ్యాటరీ వైరు తీసి, సీటు, మ్యాట్ బయట పెట్టి, డీజిలు ట్యాంకు, పైపులు దూరముగా ఉంచాలి. పలుచని రేకుకు గ్యాసుకంటె సీఓటూ వెల్డింగ్ మేలు. ఏకధాటిగా లాగితే వేడికి రేకు వంకర్లు తిరుగుతుంది. ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క పెట్టి చల్లారనివ్వాలి. జింకు పూత ఉన్న రేకయితే ఆ పొగ పీల్చకూడదు; అతికే చోట పూత గీకి, ఆరుబయట పని చేయించండి.

అనేకులు విడిచిపెట్టే పని ఒకటుంది. వెల్డింగ్ వేడికి రేకు లోపలి వైపు రంగు కాలిపోతుంది. బయట ఎంత చక్కగా రంగు వేసినా ఆ లోపలినుండే తుప్పు మళ్ళీ వస్తుంది. గనుక అతుకులకు సీలరు, లోపలి బోలు భాగములకు తుప్పును ఆపే మైనము కొట్టించండి. రుద్దిన ఇనుముకు ఆ రోజే ప్రైమరు పడాలి. లప్పం ఎత్తుపల్లాలు సరిచేయడానికి పలుచగా ఉంటే చాలు.

మేస్త్రీకి ముందే ఒక మాట చెప్పండి: “లప్పం పెట్టకముందు మాకు చూపించు బాబూ.” మంచి పనివాడు దానికి వెనుకాడడు. బండి రంగు మార్చితే ఆర్.సి.లో నమోదు చేయించడము మరువవద్దు.

బండి ఇంటికి వచ్చిన తరువాత, చేపలు, ఎరువులు దించిన ప్రతిసారి మంచినీటితో ట్రాలీ కడగండి. తలుపు అడుగున నీరు పోయే రంధ్రములు పుల్లతో శుభ్రము చేయండి. నెలకొకసారి మ్యాట్ ఎత్తి ఎండనివ్వండి. ఇవి పిల్లలు కూడ చేయగల పనులే. బండి మీద బ్రతికే ఇంటికి ఎంతో ఖర్చు తప్పించే పనులు.