వేలు పడకపోతే అది మన వాళ్ళ తప్పు కాదు



కోచింగ్ కోసం విశాఖలో రూములు వెతుకుతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు కొందరు ఒకటే అడుగుతున్నారు. "ఈ పోర్షన్‌కి తాళంచెవి లేదంట, వేలు పెడితే తెరుచుకుంటాదంట, తీసుకోవచ్చా?" అని. మేం ఐదుగురం అలాంటి తలుపున్న పోర్షన్‌లోనే ఏడాదికి పైగా ఉంటున్నాం. అందుకే మా అభిప్రాయం రాస్తున్నాం. తీసుకోవచ్చు. తాళం మంచిదే. కానీ వేలు తప్ప వేరే దారి లేని తలుపు మాత్రం మన ఇళ్ళకి పనికిరాదు.

ముందు మంచి చెప్పేస్తాం. పాత రూములో ఐదుగురికి రెండు తాళంచెవులు ఉండేవి. ఒకడు లైబ్రరీకి, ఇంకొకడు పార్ట్‌టైం పనికి పోతే మిగిలినవాళ్ళం మెట్ల మీద కూర్చునేవాళ్ళం. ఇప్పుడా గొడవ లేదు. మన అక్కచెల్లెళ్ళు ఇంకో మాట చెప్పారు, అది మాకు తట్టనేలేదు. మామూలు తాళానికైతే ఇంతకుముందు అద్దెకున్నవాళ్ళ దగ్గర ఎన్ని మారుచెవులు ఉన్నాయో ఎవరికీ తెలీదు. దీంట్లో ఎవరి వేలు వద్దనుకుంటే వాళ్ళది తీసెయ్యొచ్చు. ఆడపిల్లలుండే గదికి ఇది చిన్న విషయం కాదు. కాబట్టి మెషిన్లన్నీ మనకి శత్రువులే అని మేం అనట్లేదు.

అలాగని మన ఊళ్ళల్లో తాళాలే ఉండవన్న గొప్పలు కూడా మానేద్దాం. ఉన్నాయి. సంతకెళ్తే అందరూ తాళం వేస్తున్నారు. కాకపోతే చెవి చూరులో దోపి వెళ్తారు. ఎక్కడ దోపారో పక్కింటివాళ్ళకి తెలుసు, మేనత్తకి తెలుసు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు చుట్టమొస్తే చెవి తీసుకుని లోపలికెళ్ళి, నీళ్ళు తాగి, పొయ్యి రాజేసుకుని కూర్చుంటారు. మన తాళం దొంగ కోసం, పశువు కోసం. చుట్టాన్ని ఆపడానికి వేసింది కాదు. వేలి తాళానికి ఆ తేడా తెలీదు. ముందుగా వేలు ఎక్కించుకోని మనిషి దొంగైనా, కన్నతండ్రైనా దానికి ఒకటే.

ముందుగా ఎక్కించుకోవచ్చు కదా అంటారు. అక్కడే ఉంది అసలు సంగతి.

మాలో ఒకరి నాన్న పాడేరు పైనుంచి పెద్దాసుపత్రికి నెలకోసారి వస్తుంటారు. మొదటిసారి వచ్చినప్పుడే ఆయన వేలు ఎక్కిద్దామని చూశాం. కుడి బొటనవేలు పడలేదు, చూపుడు వేలు పడలేదు, ఎడమ చెయ్యి కూడా అంతే. పది వేళ్ళూ అయిపోయాయి. ఆయన వేలిని పంచెకి తుడిచారు, నోటితో ఊదారు, నాలికతో తడి చేసి మళ్ళీ పెట్టారు. ఎవరూ చెప్పకుండానే చేశారు. డీఆర్ డిపో దగ్గర నేర్చుకున్న అలవాటు అది. బియ్యం మెషిన్ ముందు మన ముసలోళ్ళందరూ ఇదే చేస్తారు, మీరూ చూసుంటారు. పక్కనే నిలబడ్డ ఇంటి ఓనర్ "మీ నాన్న వేళ్ళు పని చెయ్యట్లేదు బాబూ" అన్నారు. ఆయన నవ్వి చెయ్యి వెనక్కి పెట్టేసుకున్నారు.

తర్వాతి నెల మేమందరం పరీక్షకి వేరే ఊరెళ్ళిన రోజున ఆయన తెల్లారి బస్సుకి దిగారు. ఐదింటి నుంచి పది దాకా మెట్ల మీదే ఉన్నారు. ఎవరు నువ్వు, ఎవరి కోసం, అని కిందింటివాళ్ళు మూడుసార్లు అడిగారట. కొడుకు ఇంటి ముందు.

వేళ్ళు పని చెయ్యట్లేదన్న మాట మాకు ఇప్పటికీ మింగుడుపడట్లేదు. ఆ వేళ్ళు నలభై ఏళ్ళుగా చేస్తున్నది పనే. పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి, కాఫీ పళ్ళు కోసి, రాళ్ళు ఏరి, దుంగలు మోసిన చేతులు. వేలి చివరి గీతలు ఎక్కడ ఆగుతున్నాయో, ఎక్కడ రెండుగా చీలుతున్నాయో ఆ గుర్తుల్ని మెషిన్ అంకెల కింద దాచుకుంటుంది. వేలు పెట్టిన ప్రతిసారీ వాటితో పోల్చి చూస్తుంది. గీతలు అరిగినా, చర్మం పగిలినా, మరీ పొడిబారినా దానికి గుర్తు దొరకదు. వయసు పెరిగేకొద్దీ చర్మం సాగే గుణం పోయి ఇంకా కష్టం. పలాస వైపు జీడిగింజలు కొట్టే ఆడవాళ్ళని అడగండి, పెంకులోని నూనె వేళ్ళ తోలునే లేపేస్తుంది. మనకి కూడా ఇది తప్పదు. వేసవికి ఇంటికెళ్ళి నెలరోజులు పనిచేసి జూన్‌లో తిరిగొస్తే మాలో ఇద్దరికి తలుపు తెరుచుకోలేదు. రెండు మూడు వారాల తర్వాత మళ్ళీ మామూలే. పై చర్మం కొత్తగా వస్తుంది, గీతల అచ్చు లోపలి పొరలో భద్రంగా ఉంటుంది. లోతుగా తెగి మచ్చ పడితే మాత్రం ఆ చోట మళ్ళీ రాదు.

కాబట్టి ఎవరైనా వేలు పని చెయ్యట్లేదంటే, మెషిన్‌కి చదవడం రావట్లేదు అని చెప్పండి. ఆ మాట పెద్దవాళ్ళకి వినబడేలా చెప్పండి. వాళ్ళు అది తమ లోపం అనుకుంటున్నారు.

వేలిముద్రతో మన వాళ్ళకి పాత లెక్కలు చాలా ఉన్నాయి. ఇది చదువుకున్న మనమే మర్చిపోతే ఎలా? 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే తెల్ల అధికారి ఒక కాంట్రాక్టరు చేత ఒప్పందం మీద అరచేతి ముద్ర వేయించుకున్నాడు. తర్వాత మాట తప్పకుండా ఉండాలని. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. ఆ ముద్రల్ని వర్గాలుగా విడగొట్టే లెక్క వెనక అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు మనవాళ్ళున్నారు, పేరు మాత్రం పైఅధికారి ఎడ్వర్డ్ హెన్రీకి వెళ్ళింది. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం కింద, ఏ నేరమూ చెయ్యకపోయినా, ఫలానా కులంలో పుట్టి రిజిస్టరులోకి ఎక్కినవాళ్ళ వేలిముద్రలు తీసుకునే అధికారం సర్కారుకి దక్కింది. మన ఎరుకల వాళ్ళు ఆ చట్టం కింద నలిగినవాళ్ళే, స్టూవర్టుపురం సెటిల్‌మెంటు దాని గుర్తే. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952లో. ఇటు కొండల్లో వడ్డీ వ్యాపారి కాగితం మీద బొటనవేలు ఒత్తి భూములు పోగొట్టుకున్న కథ ఏ ఇంట్లో లేదు? ఏజెన్సీ భూముల బదిలీని ఆపడానికి బ్రిటిష్ వాళ్ళే 1917లో చట్టం తేవాల్సి వచ్చింది. ఆ తర్వాత 1959 నిబంధన, దానికి సవరణగా మన 1/70. ఇంత జరిగాక కూడా చదువు రానివాణ్ణి వేలిముద్రగాడని వెక్కిరిస్తారు. ఇప్పుడు చదువుకున్నవాళ్ళే తమ ఇంటి తలుపుకి వేలిముద్ర వేస్తున్నారు, దాన్ని స్మార్ట్ అంటున్నారు. నవ్వొస్తుంది.

రేషన్ సంగతి వేరే పోస్టు అవుతుంది గానీ ఒక్కటి చెప్తాం. వేలిముద్ర పడనంత మాత్రాన అర్హులకి పథకం ఆపకూడదన్న మాట 2018 సెప్టెంబరు 26 నాటి సుప్రీంకోర్టు ఆధార్ తీర్పులోనే ఉంది. మీ ఊళ్ళో ఎవరికైనా ఆపితే గుర్తుపెట్టుకోండి.

మళ్ళీ తలుపు దగ్గరికి వద్దాం. అసలు ఇల్లు ఎవరిది అన్న ప్రశ్న మాస్టర్ వేలు దగ్గర తేలుతుంది. ఈ తాళానికి ఒకరు మాస్టర్ ఉంటారు. ఎవరి వేలు ఎక్కించాలో, ఎవరిది తీసెయ్యాలో ఆ మనిషి చేతిలో ఉంటుంది. మా పోర్షన్‌లో అది ఓనర్. ఫోన్ యాప్‌కి కలిపిన తాళమైతే ఎవరు ఎన్నింటికి వచ్చారో కూడా ఫోన్‌లో కనబడుతుంది. రాత్రి పదకొండుకి వచ్చిందెవరు, మీవాళ్ళు ఎంతమంది దిగారు, అని మమ్మల్ని అడిగారు. అద్దె మేం కడుతున్నాం. వచ్చింది మా ఊరి పిల్లలు, పొద్దున్నే పరీక్ష ఉండి. మామూలు తాళమైతే ఈ లెక్క ఆయన దగ్గర ఉండేదే కాదు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కని తీర్పిచ్చారు. ఆ కాగితం పట్టుకుని ఓనర్‌తో తగువు పెట్టుకోమని అనట్లేదు, అడ్వాన్స్ తిరిగి రాదు. అడ్వాన్స్ ఇవ్వకముందే మాట్లాడుకోమని అంటున్నాం.

ఏం మాట్లాడుకోవాలి? ఉంటున్నన్నాళ్ళు మాస్టర్ మన చేతిలో ఉండాలని అడగండి. ఒప్పుకోకపోతే కనీసం యాప్ తీసెయ్యమనండి. వేలితో పాటు నంబర్ కొట్టే దారి ఉందో లేదో చూడండి, చాలా తాళాలకి ఉంటుంది, ఓనర్లు ఆన్ చెయ్యరంతే. మేం గట్టిగా అడిగాకే మాకు నంబర్ ఇచ్చారు. మామూలు చెవి పెట్టే రంధ్రం ఎక్కడుందో, ఆ చెవి ఎవరి దగ్గరుందో తెలుసుకోండి. ఈ తాళాలు బ్యాటరీల మీద నడుస్తాయి, అయిపోయే ముందు కూత పెడతాయి. అప్పుడే మార్చండి. వేళ్ళు ఎక్కించేటప్పుడు రెండు చేతులవీ ఎక్కించండి. ఇంటి నుంచి వచ్చే పెద్దవాళ్ళకి మాత్రం వేలు అడగొద్దు, నంబర్ చెప్పండి. సంతలో లెక్కలు నోటితో కట్టేవాళ్ళకి నాలుగంకెలు ఒక లెక్కా? మనవాళ్ళు ఇంకెవరికైనా చెప్పేస్తారేమో అని ఓనర్ అంటే, నెలకోసారి మారుస్తామని చెప్పండి.

ఇక ఖాళీ చేసేవాళ్ళకి. బకెట్లు, స్టవ్ సర్దుకునే రోజే అందరి వేళ్ళూ తాళంలోంచి మీ కళ్ళ ముందే తీసేయించండి. నంబర్ బయటపడితే మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేం. ఈ ఏప్రిల్, మేలో మనవాళ్ళు చాలామంది రూములు మారతారు కాబట్టి ఇప్పుడే చెప్తున్నాం.