గీత పంచితే సరిపోదు, చదివేవారు కావాలి

మార్గశిర శుద్ధ ఏకాదశి, అంటే గీతా జయంతి దగ్గర పడుతుంటే స్టేషన్ల బయట, బస్టాండ్లలో భగవద్గీత పట్టుకొని పలకరించేవారు కనిపిస్తారు. ఇస్కాన్ వారు ఏటా డిసెంబరులో ఈ పని పెద్ద ఎత్తున చేస్తారు. వారిని చూసి మన తెలుగు సంఘాలలోనూ ఉత్సాహం పెరిగింది. సంతోషమే. అయితే ముక్కూ మొహం తెలియనివారి చేతిలో గ్రంథం పెట్టేముందు కొన్ని విషయాలు ఆలోచించాలి.

మొదటిది చట్టం. రాజ్యాంగం 25వ అధికరణం మత ప్రచారానికి హక్కునిచ్చింది. ప్రచారమంటే తన మత సూత్రాలను తెలియజెప్పడమేననీ, ఎదుటివారిని మతం మార్చే హక్కు కాదనీ 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇతరులకు మనం చూపే ఈ కొలబద్ద మనకూ వర్తిస్తుంది. ఇక రైళ్లలో, ప్లాట్‌ఫారాలపై లైసెన్సు లేకుండా ఏ వస్తువు అమ్మినా 1989 రైల్వే చట్టం 144వ సెక్షన్ కింద నేరమే. అది గీత అయినా సరే.

అమెరికాలో ఇదే పేచీ ఇస్కాన్‌కు న్యూయార్క్ విమానాశ్రయాలలో వచ్చింది. అక్కడి సుప్రీంకోర్టు 1992లో రెండు మాటలు చెప్పింది: టెర్మినల్లో విరాళం అడగడాన్ని నిషేధించవచ్చు, పుస్తకాలూ కరపత్రాలూ పంచడాన్ని మాత్రం నిషేధించరాదు. మనకు ఆ తీర్పుతో పని లేకపోయినా అందులోని తేడా గుర్తుంచుకోదగ్గది. చేతిలో పుస్తకం పెట్టి వెంటనే డబ్బు అడిగితే తీసుకున్నవాడికి మొగమాటం, ఇచ్చినవారికి చులకన.

ఇక మా అనుభవం. ఆమధ్య హోసూరు బస్టాండులో మా సంఘం తరఫున తెలుగు గీతలు పంచాం. సాయంత్రం తిరిగి చూస్తే కొన్ని బెంచీల మీదే ఉన్నాయి, ఒకటి నేల మీద పడి ఉంది. కళ్లకద్దుకొని తీసి సంచిలో పెట్టుకున్నాం. తప్పు పారేసినవారిదని ఆ రోజు అనుకున్నాం. కానీ అదే రోజు ఒక అబ్బాయి చక్కటి తెలుగులో, "తాతా, మాకు ఈ అక్షరాలు రావు" అని పుస్తకం తిరిగిచ్చాడు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఇంగ్లీషు. వాడిని తప్పు పట్టేదేముంది? ఎదుటివారికి ఏ లిపి వచ్చో అడగకుండా పంచిన తప్పు మాదే.

తమిళనాట త్యాగరాజ కీర్తనలను తమిళ లిపిలో అచ్చువేసుకొని పాడుకుంటున్నారు. క, ఖ, గ, ఘలకు తేడా తెలియడానికి అక్షరం పక్కన అంకెలు వేసుకుంటారు. తెలుగు రానివారే అంత శ్రమపడుతుంటే, మన పిల్లల కోసం మనం ఆ మాత్రం చేయలేమా? బరంపురంలో ఒడియా లిపి, బళ్లారిలో కన్నడ లిపి, షోలాపూర్‌లో దేవనాగరి. ఎడమ పేజీలో తెలుగు లిపి, కుడి పేజీలో వారికి వచ్చిన లిపి ఉంటే చాలు.

ఈ ఏడు మా సంఘం కొన్ని నియమాలు పెట్టుకుంది. అడిగినవారికే ఇస్తాం. వద్దన్నవారికి నమస్కారం పెట్టి ఊరుకుంటాం. డబ్బు గానీ ఫోన్ నంబరు గానీ అడగం. పుస్తకాల ఖర్చులో సగం ఆదివారం తెలుగు అక్షరాల తరగతికి మళ్లిస్తాం. పంచే పుస్తకాల లెక్క తగ్గుతుంది. తగ్గనివ్వండి. వచ్చే గీతా జయంతికి ఆ అబ్బాయి ఒక్క శ్లోకం తెలుగు లిపిలో కూడబలుక్కొని చదివితే, మా రిజిస్టరులో మొదట రాసుకునే లెక్క అదే.