ప్రమాదీచ నామ సంవత్సరం - బాపట్ల

గత వేసవిలో మా మనుమడిని వెంటబెట్టుకొని తెనాలి నుండి బాపట్లకు రైలులో వెళ్లాను. నిడుబ్రోలు దాటిన తరువాత, "మనం దిగబోయే ఊరిలోనే పందొమ్మిది వందల పదమూడులో ప్రథమాంధ్ర మహాసభ జరిగిందిరా" అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "అంటే నైన్టీన్ ఎంత తాతయ్యా?" అని అడిగాడు.

మహాసభ సంగతి తెలియకపోయినందుకు నేను నొచ్చుకోలేదు. సంఖ్యే తెలియకపోయినందుకు నొచ్చుకున్నాను. ఇంటికి వచ్చాక తప్పు వాడిది కాదనిపించింది. భాషాప్రవీణ చదివి, పండిత శిక్షణ పొంది, రేపల్లె ప్రాంతపు బడులలో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పినవాడిని. సంధులు, సమాసాలు, ఛందస్సు వల్లె వేయించాను గాని, కూతవేటు దూరంలో ఉన్న బాపట్ల కథ ఒక్క తరగతిలోనైనా చెప్పిన గుర్తు లేదు.

ఆ సంవత్సరం ప్రమాదీచ. అప్పటికి రేపల్లెకు రైలు రాలేదు. ముందటి ఏడు నిడదవోలు సభలో మొలకెత్తిన ఆలోచన 1913 మే నెలలో బాపట్లలో మహాసభగా రూపుదాల్చింది. అధ్యక్షులు బయ్యా నరసింహేశ్వర శర్మగారు. తెలుగు జిల్లాలకు ప్రత్యేక రాష్ట్రం కావాలన్నది అక్కడి ప్రధాన చర్చ. అయితే రాయలసీమ, గంజాం, విశాఖ ప్రతినిధులు పలువురు తొందర వద్దన్నారు. సంఖ్యాబలంతో తీర్మానం నెగ్గించుకోవడానికి బదులు పెద్దలు దానిని వాయిదా వేశారు. కొండా వెంకటప్పయ్యగారు, పట్టాభి సీతారామయ్యగారు, ముట్నూరి కృష్ణారావుగారు మొదలైనవారు జిల్లాలు తిరిగి నచ్చజెప్పే పని తలకెత్తుకున్నారు. మరుసటి ఏడు బెజవాడ సభలో ఆ తీర్మానం నెగ్గింది.

అదే 1913లో మన భాషాలోకంలోనూ నిప్పు రాజుకున్నది. గిడుగు రామమూర్తిగారు వాడుక భాషను సమర్థిస్తూ విజ్ఞాపన ప్రకటించారు. జయంతి రామయ్యగారు గ్రాంథికాన్ని వెనకేసుకొని సమాధానం వ్రాశారు. విచిత్రమేమిటంటే ఆ రెండు గ్రంథాలూ ఇంగ్లీషులోనే! పరీక్షలలో పిల్లలు ఏ తెలుగు వ్రాయాలో తేల్చవలసిన దొరలకు తెలుగు రాదు గనుక, మన తగవు మనం పరభాషలోనే చెప్పుకోవలసివచ్చింది. స్వరాష్ట్రం ఎందుకు కావాలో చెప్పడానికి ఇంతకన్న పెద్ద ఉపన్యాసం అక్కరలేదు.

1953 అక్టోబరు 1న రాష్ట్రం వచ్చింది. వాడుక భాషా గెలిచింది. గ్రాంథికం చదువుకున్న నేనే ఈ మాటలు వాడుకలో వ్రాస్తున్నాను. రెండు పోరాటాలూ ఫలించాయి. కాని ఫలాన్ని అందుకోవలసిన పిల్లవాడికి పందొమ్మిది వందల పదమూడు అంటే అర్థం కాలేదు. "అంతా ప్రభుత్వం తప్పు" అనే మిత్రులతో నేను పూర్తిగా ఏకీభవించలేను. ఇంట్లో అంకెలు చెప్పవద్దని ఏ ప్రభుత్వమూ ఉత్తరువు ఇయ్యలేదు.

బ్రిటన్‌లోనే ఇంగ్లీషు నీడన బ్రతుకుతున్న వేల్స్ ప్రజల సంగతి చూడండి. ఏటేటా ఐస్టెడ్‌ఫడ్ అనే కవితాగానోత్సవం జరుపుకుంటారు. ఒక ఏడు ఉత్తరాన, ఒక ఏడు దక్షిణాన. వేదిక మీద వ్యవహారమంతా వారి భాషలోనే. అక్కడ గెలిచిన కవికి సింహాసనం వేస్తారు. మన మహాసభా అట్లాగే ఊరూరా తిరిగినదే: బాపట్ల, బెజవాడ, విశాఖ, కాకినాడ, కడప. రాష్ట్రం వచ్చాక ఆ తిరుగుడు మానుకున్నాం. పెళ్లి అయింది గదా అని పలకరింపులు మానుకున్నట్లు!

నా మనవి చిన్నది. ఏటా మే నెలలో ఒక పూట, శాలువాలు లేకుండా, ఒక ఏడు బాపట్లలో, మరొక ఏడు రేపల్లెలో, ఇంకొక ఏడు తెనాలిలో కూర్చుందాం. ప్రతి ఒక్కరూ తమ ఊరి కథ ఒకటి తెలుగులో చెప్పాలి. సంవత్సరాలూ తెలుగులోనే పలకాలి. పిల్లలు లేని సభ సభ కాదని నియమం పెట్టుకుందాం. రానివారిని నిందించవద్దు, 1913 నాటి పెద్దల వలె వారి ఊరికి మనమే వెళ్దాం.

ప్రమాదీచ మళ్లీ 2033లో రానున్నది. అప్పటికి నేనుంటానో లేదో. మా వాడు మాత్రం ప్రస్తుతం నలభై వరకు వచ్చాడు. ముప్పై తొమ్మిది దగ్గర కొంచెం తడబడుతున్నాడు.