లీన్ అంటే కోత కాదు.. తాడు!

‘మన కంపెనీ లీన్ అవుతోంది’ అని హెచ్ఆర్ నుంచి మెయిల్ వచ్చిందంటే చాలు, అందరి గుండెల్లో రాయి పడుతుంది. ఈసారి ఎవరి సీటు ఖాళీ అవుతుందోనని గుసగుసలు మొదలవుతాయి. మనుషుల్ని తీసేయడం, ఖర్చులు కోసేయడం, ఉన్నవాళ్లతో రెట్టింపు పని చేయించడం.. లీన్ అంటే ఇదే అని ఉద్యోగులే కాదు, చాలామంది బాసులూ నమ్ముతున్నారు. అసలు కథ వేరు. ఆ కథలో కత్తెర లేదు, ఓ తాడు ఉంది. ఈ వారం దాని సంగతే చూద్దాం.

అదే షెడ్డు, అదే మనుషులు

అమెరికాలోని కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ అనే ఊరుంది. అక్కడ జనరల్ మోటార్స్‌కి ఓ కార్ల ఫ్యాక్టరీ ఉండేది. దానికి చెడ్డపేరు. డ్యూటీకి డుమ్మా కొట్టేవాళ్లు ఎక్కువ. యూనియన్‌కీ మేనేజ్‌మెంట్‌కీ ఎప్పుడూ గొడవే. ఏం జరిగినా సరే, లైను మాత్రం ఆగకూడదు. బోల్టు సరిగ్గా బిగించకపోయినా కారు ముందుకి పోవాల్సిందే. రిపేర్లు తర్వాత చూసుకుందాం అనే ధోరణి. చివరికి 1982లో ఫ్యాక్టరీ మూతపడింది.

రెండేళ్ల తర్వాత, 1984లో, టొయోటాతో చేతులు కలిపి అదే ఫ్యాక్టరీని ‘నుమ్మి’ పేరుతో మళ్లీ తెరిచారు. చేరినవాళ్లలో ఎక్కువమంది పాత కార్మికులే. యూనియన్ కూడా పాతదే. కొందరిని బ్యాచ్‌లుగా జపాన్ పంపి పని నేర్పించారు. కొద్దికాలంలోనే అక్కడి కార్లు క్వాలిటీలో జపాన్ ఫ్యాక్టరీలకి దగ్గరగా వచ్చేశాయి. డుమ్మాలు బాగా తగ్గాయి.

మరి మారిందేంటి? చాలా మారాయి. వాటిలో కంటికి కనిపించేది మాత్రం లైను పొడవునా వేలాడే ఓ తాడు. పనిలో తేడా కనిపిస్తే ఏ కార్మికుడైనా దాన్ని లాగొచ్చు. లాగగానే బోర్డు మీద లైటు వెలుగుతుంది, టీమ్ లీడర్ పరుగున వస్తాడు. ‘ఎవడు లాగాడు?’ అని కాదు, ‘ఏమైంది?’ అని అడుగుతాడు. ఇద్దరూ కలిసి సరిచేస్తారు. అప్పటికీ కుదరకపోతే లైను ఆగుతుంది. నిన్నటిదాకా నోరు మూసుకుని పనిచేసిన మనిషి చేతికి మొత్తం ఫ్యాక్టరీని ఆపే హక్కు వచ్చిందన్నమాట!

పోగు తెగితే ఆగాలి

ఈ ఆలోచనకి మూలం మగ్గంలో ఉంది. టొయోటా కార్ల కంపెనీ కంటే ముందు, ఆ కుటుంబానికే చెందిన సాకిచి టొయోడా మగ్గాలు తయారుచేసేవాడు. 1924లో ఆయన తెచ్చిన ఆటోమేటిక్ మగ్గం, పోగు తెగితే తనంతట తానే ఆగిపోయేది. సిరిసిల్లలో సాంచాలు నడిపేవాళ్లకి దీని విలువ చెప్పక్కర్లేదు. తెగిన పోగుతో నేస్తూ పోతే గుడ్డ పాడవుతుంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత టొయోటాలో తైచి ఓనో అనే ఇంజినీరు దీన్ని కార్ల తయారీ మొత్తానికి విస్తరించాడు. అవసరమైనది, అవసరమైనప్పుడు, అవసరమైనంతే తయారుచెయ్యాలన్నాడు. కస్టమర్‌కి పనికిరాని ప్రతి శ్రమనీ ‘ముదా’ అన్నాడు. జపనీస్‌లో దండగ అని అర్థం. అవసరానికి మించి తయారీ, ఎదురుచూపులు, అనవసరమైన రవాణా, అక్కర్లేని పని, పేరుకుపోయిన సరుకు, ఊరికే అటూ ఇటూ తిరగడం, తప్పులు.. ఇలా ఏడు రకాల దండగలు లెక్కగట్టాడు. ఆ ఏడింటిలో ‘మనుషులు’ లేరు, గమనించండి.

‘లీన్’ అన్న పేరు చాలా తర్వాత వచ్చింది. నుమ్మిలోనే ఇంజినీరుగా చేసిన జాన్ క్రాఫ్‌సిక్ 1988లో రాసిన వ్యాసంతో అది వాడుకలోకి వచ్చింది. ఇంచుమించు అదే సమయంలో నుమ్మి కార్లకి గిరాకీ బాగా పడిపోయింది. అయినా ఎవర్నీ ఇంటికి పంపలేదు. ఖాళీ దొరికిన కార్మికులకి ట్రైనింగ్ ఇచ్చారు, పని పద్ధతులు మెరుగుపరిచే బాధ్యత అప్పగించారు. ఎందుకంటే లెక్క సింపుల్. దండగ పని ఎక్కడుందో చూపిస్తే నా ఉద్యోగమే పోతుందనుకుంటే, ఎవరైనా ఎందుకు చూపిస్తారు?

మన కర్రీ పాయింట్‌లో..

మీకు హైదరాబాద్‌లో ఓ కర్రీ పాయింట్ ఉందనుకోండి. సోమవారం రాత్రి పప్పు, సాంబార్ సగానికి సగం మిగిలిపోతున్నాయి. ‘ఖర్చు తగ్గించాలి, ఒక హెల్పర్ని తీసేద్దాం’ అనిపిస్తుంది. ఆగండి. ఓనో అయితే ‘ఎందుకు?’ అని ఐదుసార్లు అడగమంటాడు.

ఎందుకు మిగిలింది? ఆదివారం వండినంతే సోమవారమూ వండారు కాబట్టి. ఎందుకలా? సోమవారం గిరాకీ తక్కువని వంటమాస్టర్‌కి తెలీదు కాబట్టి. ఎందుకు తెలీదు? ఎవరూ చెప్పలేదు కాబట్టి. ఎందుకు చెప్పలేదు? ఏ రోజు ఎన్ని కవర్లు అమ్ముడయ్యాయో ఎక్కడా రాయడం లేదు కాబట్టి. అదెందుకు? రాయమని కౌంటర్ కుర్రాడికి ఎవరూ అప్పగించలేదు కాబట్టి. తేలిందేంటి? కావాల్సింది ఓ నోట్‌బుక్, దాన్ని రాసే బాధ్యత. హెల్పర్ని తీసేసినా పప్పు మిగులుతూనే ఉండేది.

ఐటీ ఆఫీసులోనూ అంతే. శుక్రవారం సాయంత్రం రిలీజ్. కొత్తగా చేరిన టెస్టర్ అమ్మాయికి బగ్ కనిపించింది. చెబితే ‘ఇప్పుడా చెప్పేది?’ అని మేనేజర్ విసుక్కుంటాడేమోనని ఊరుకుంది. ఆదివారం రాత్రి టీమ్ మొత్తం లాప్‌టాప్‌ల ముందు కూర్చుంది. ఆ ఆఫీసు గోడ మీద టు డూ, డూయింగ్, డన్ అని రంగురంగుల స్టిక్కర్ల బోర్డు ఉండొచ్చు. అదీ టొయోటా ‘కాన్‌బాన్’ నుంచి వచ్చిందే. బోర్డు వచ్చింది కానీ తాడు రాలేదు.

స్టాక్ సున్నా చేస్తే లీన్ అయిపోతుందా?

ఇదీ పెద్ద అపోహే. 2011 మార్చిలో జపాన్‌లో భూకంపం, సునామీ వచ్చినప్పుడు విడిభాగాలు అందక టొయోటా బాగా దెబ్బతింది. ఆగితే మళ్లీ దొరకడానికి నెలలు పట్టే భాగాలేవో అప్పుడు వెతికింది. వాటిలో చిప్‌లు ఒకటి. వాటికి కొన్ని నెలల స్టాక్ ఉంచమని సప్లయర్లని అడిగింది. అందుకే 2021 మొదట్లో చిప్‌ల కరువుతో మిగతా కంపెనీలు ఫ్యాక్టరీలు ఆపుకుంటుంటే టొయోటా నెట్టుకొచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరుకి దానికీ ఉత్పత్తి తగ్గించక తప్పలేదు, అది వేరే సంగతి. టమాటా రోజూ దొరుకుతుంది, మూడు ట్రేలు కొని కుళ్లబెట్టడం దండగ. గ్యాస్ సిలిండర్ అలా కాదు. ఒకటి స్పేర్ ఉండాల్సిందే.

లీన్ సర్వరోగ నివారిణి కూడా కాదు. జీఎం దివాలా తీసి తప్పుకున్నాక, 2010లో నుమ్మి కూడా మూతపడింది. ఇప్పుడక్కడ టెస్లా కార్లు తయారవుతున్నాయి. పైగా నుమ్మిని చూసి జీఎం తన వేరే ఫ్యాక్టరీల్లోనూ ఈ పద్ధతి తేవాలని చూసింది, ఏళ్ల తరబడి కుదర్లేదు. తాడు కొనడం తేలికే. లాగినవాడిని తిట్టకుండా ఉండటమే కష్టం.

మీరు చిన్న వ్యాపారం నడుపుతుంటే, ఈ వారం ఒక్క పని చేసి చూడండి. మీ దగ్గర పనిచేసేవాళ్లని విడివిడిగా కూర్చోబెట్టి అడగండి: ‘రోజూ చేసే వాటిలో దండగ అనిపించే పని ఏది?’ జవాబు నచ్చకపోయినా మధ్యలో అడ్డుపడకండి. వాటిలో ఒక్కటైనా వారంలోపు సరిచెయ్యండి, ఎవరు చెబితే మారిందో అందరికీ తెలిసేలా. మీరు ఉద్యోగి అయితే, ఈసారి ‘లీన్’ అని మెయిల్ వచ్చినప్పుడు మీటింగులో మర్యాదగా ఒక్క ప్రశ్న అడగండి: ‘సార్, తాడు ఎక్కడ కడుతున్నారు?’