ఏ మందు అనే ముందు, ఏ పురుగు?

కరీంనగర్‌లో మక్క, ఆదిలాబాద్‌లో పత్తి. చేనుకు పురుగు పడితే ఇంట్లో మొదటి ప్రశ్న 'ఏ మందు కొట్టాలె?' అనే. దానికన్నా ముందు 'ఏ పురుగు?' అని అడగాలి. దానికి గట్టిగా జవాబు చెప్పగలిగేవాళ్లు తక్కువ. నోటిఫికేషన్ల కోసం ఫోన్ చూసుకుంటూ కూర్చున్న మనం అటు తొంగి కూడా చూడట్లేదు.

2018 మేలో కర్ణాటకలోని శివమొగ్గలో మక్కచేలల్లో ఒక పురుగు బయటపడింది. అప్పటిదాకా మన దేశంలో లేనిది. ఎదిగిన లార్వా తలమీద తిరగేసిన ఇంగ్లిష్ 'వై' గుర్తు, తోక దగ్గర చతురస్రంలా నాలుగు నల్ల మచ్చలు. గుడ్ల మీద, అప్పుడే పొదిగిన పిల్లల మీద ఆ గుర్తులు ఉండవు. అక్కడ డీఎన్‌ఏ కావాలి. అదే కత్తెర పురుగు. ఆ ఏడాదే తెలంగాణకూ వచ్చేసింది.

డీఎన్‌ఏ బార్‌కోడింగ్ మన బీటెక్ బుర్రకు తొందరగా ఎక్కే విషయమే. కెనడా శాస్త్రవేత్త పాల్ హెబర్ట్ బృందం 2003లో ప్రతిపాదించింది. పురుగు కాలు ఒకటి తీసి, సీఓఐ అనే జన్యువులో సుమారు 650 అక్షరాల ముక్కను చదివి, డేటాబేస్‌తో పోల్చడమే. కాలే ఎందుకంటే మిగతా ఒళ్లు మ్యూజియానికి భద్రంగా ఉండాలి కాబట్టి. పత్తి మీద తెల్లదోమనే చూడండి. కంటికి అంతా ఒకటే, డీఎన్‌ఏ చూస్తే 30కి పైగా జాతులని తేలింది. మందులను తట్టుకోవడంలోనూ వాటి మధ్య తేడాలున్నాయి.

అలాగని కోడ్ రాసేస్తే పని అయిపోదు. డేటాబేస్‌లో ఎవరో తప్పు పేరు ఎక్కించి ఉంటే మన ప్రోగ్రాం కూడా అదే తప్పు చెబుతుంది. కొత్త జాతి అని ప్రకటించాలంటే అంతర్జాతీయ నియమావళి అడిగేది లక్షణాల వర్ణన, ఆధారంగా దాచిన నమూనా. రెక్కల్లో ఈనెలు, మగపురుగు జననాంగాల ఆకృతి మైక్రోస్కోప్ కింద గంటల తరబడి చూడాల్సిందే. నా అభిప్రాయంలో అసలు కొరత ఈ ఓపికకే.

ఉన్నదున్నట్టు చెబుతా: ఉద్యోగాలు బోలెడు లేవు, చాలావరకు ప్రాజెక్టు పోస్టులు. బీటెక్ ఒక్కదానితో టాక్సానమిస్టు కాలేరు. ఎమ్మెస్సీ జువాలజీ గానీ, అగ్రికల్చర్‌లో ఎంటమాలజీ గానీ చేసి, కాస్త పైథాన్ నేర్చుకున్నవాళ్లకు బెంగళూరులోని ఎన్‌బీఏఐఆర్, హైదరాబాద్‌లోని జువలాజికల్ సర్వే కేంద్రం లాంటి చోట్ల వచ్చే ప్రకటనలు పనికొస్తాయి. కోడ్ రాసేవాళ్లు జువాలజీ దోస్తును వెతుక్కోండి. ఈ వానాకాలం రాత్రి పెరట్లో తెల్లగుడ్డ కట్టి లైటు వేయండి. వాలినవాటిని తేదీ, ఊరు రాసి ఫొటో తీయండి. కవ్వాల్ అడవిలో మాత్రం అటవీశాఖ అనుమతి లేకుండా ఒక్క పురుగునూ పట్టకండి.