తలూపు సాక్ష్యం

తల నిలువుగా ఊపితే నిజం, అడ్డంగా ఊపితే అబద్ధం. అవును, కాదు అనే మాటలకు బదులు శరీరం వాడే రెండు గుర్తులివని చాలామంది నమ్మకం. భాషా తత్త్వాన్ని తేలిక చేసి చెప్పేవాళ్లూ ఇదే మాట అంటుంటారు. ఇది తప్పు.

తప్పంటే వెంటనే బల్గేరియాను చూపించేవాళ్లుంటారు. అక్కడ అవుననడానికి తల అడ్డంగా ఆడిస్తారు, కాదనడానికి నిలువుగా. 1877-78 యుద్ధంలో అక్కడికి వెళ్లిన రష్యా సైనికులకు ఇది కొరుకుడు పడలేదని భాషావేత్త రోమన్ యాకబ్సన్ రాశాడు. కానీ ఈ ఉదాహరణతో ఆ నమ్మకానికి దెబ్బ తగలదు. గుర్తులు తారుమారయ్యాయంతే, లెక్క మారలేదు.

అసలు లోపం వేరేచోట ఉంది. వాక్యం సూచించేది సత్యాన్ని, లేదా అసత్యాన్ని అని జర్మన్ తార్కికుడు ఫ్రేగె 1892లో వాదించాడు. అయితే ఒక విషయాన్ని తలచడం వేరు, అది నిజమని ఒప్పుకోవడం వేరు అని ఆయన 1879లోనే తేల్చి, ఒప్పుకోలుకు ప్రత్యేకంగా ఒక నిలువు గీతను గుర్తుగా పెట్టాడు. తలూపు ఆ ఒప్పుకోలు కోవలోది. సత్యాసత్యాలు చెప్పిన విషయానివి, ఊపడం మనిషి చేసే పని.

"నిన్న బడికి వెళ్లలేదా?" అంటే పిల్లవాడు తలూపాడు. వెళ్లలేదని ఒప్పుకున్నాడా, వెళ్లానన్నాడా? "తలుపు వెయ్యి" అన్నప్పుడు ఊపిన తలకు సత్యాసత్యాలతో పనే లేదు, ఆజ్ఞ నిజమూ కాదు, అబద్ధమూ కాదు. కథకు ఊకొడుతూ తలూపే పిల్లలు ఏడుగురు రాజకుమారులున్నారని సాక్ష్యమివ్వడం లేదు.

అమెరికన్, జర్మన్ సంజ్ఞా భాషల్లో సంగతి ఇంకోలా ఉంటుంది. చేతులు 'వచ్చాడు' అంటుండగా తల అడ్డంగా ఆడితే చాలు, వాక్యం 'రాలేదు' అవుతుంది. అక్కడ తల ఎవరికీ జవాబివ్వడం లేదు, వాక్యంలోనే భాగమైంది.

ఇది పండితుల తర్కంతో ఆగే విషయం కాదు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో, తలూపులతో, సైగలతో ఇచ్చిన మరణ వాంగ్మూలం చెల్లుతుందని సుప్రీంకోర్టు 1994లో చెప్పింది. దాని బలం మాత్రం ఎవరు నమోదు చేశారు, ఏం అడిగారు, ప్రశ్నలు తేలికవా చిక్కువా, సైగలు ఎంత స్పష్టంగా అర్థమయ్యాయి అన్నదాన్ని బట్టి ఉంటుందంది. తలూపుకు సొంత విలువే ఉంటే ప్రశ్నల ఊసు ఎత్తాల్సిన పనేముంది?

అందుకే వాంగ్మూలం రాసుకునే అధికారులు, రోగి సమ్మతి తీసుకునే వైద్యులు 'తల ఊపారు' అని రాసి వదిలెయ్యకూడదు. అడిగిన ప్రశ్నను ఉన్నదున్నట్టు రాయాలి. ఆ ప్రశ్న కూడా ఒకసారికి ఒక్క విషయమే అడగాలి, 'లేదా', 'కాదా' అని ముగియకూడదు.